రంగులమ్మ కొత్త తెర

మార్చి 4

తమ్ముడికి,

ముందు నేనెవరో రాయిస్తున్నాను, పదకొండేళ్లలో మర్చిపోయి ఉంటావేమోనని. కాగితాల్లో నాకో పేరుంది. ఆ పేరుతో పిలిచేవాళ్లంతా పోయారు. బజారు నన్ను రంగులమ్మ అంటుంది. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో నేనూ, ఒక మూడుకాళ్ల పిల్లీ. ముందుగది స్టూడియో, వెనకగది వంట, నడుమ మంచం. మీ బావ పోయి పదహారేళ్లు. ఆయన వదిలి వెళ్లిన కంప్యూటరు మీద పాత నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేసి బతుకుతున్నాను. చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఎదురింటి టీచరమ్మ. తిట్టు వస్తే తిట్టే రాస్తానని మాటిచ్చాకే ఆవిడకు కుర్చీ వేశాను.

నా ఫిర్యాదు విను. నీ కూతురు ఉద్యోగం బదిలీ అయి ఈ ఊరు వచ్చింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేస్తుందట. వచ్చింది, కాళ్లు కడుక్కుంది, "అత్తా" అంది. నీ మీద కోపం పిల్ల మీద చూపించేంత చవట మనిషిని కాను, అన్నం పెట్టాను. తిన్న చెయ్యి ఆరకముందే నా తెర ముందు కూర్చుని, "అత్తా, ఇది తెరా, కుంపటా? రాజుకోవడానికి ఇంతసేపా?" అంది. నిజమే, పొద్దున్న స్విచ్చి వేస్తే పొయ్యి మీద నీళ్లు కాగేదాకా దానికి వెలుగు రాదు. అయితే ఏం? నాకేమైనా రైలు తప్పిపోతోందా?

మరుసటి ఆదివారం తన జీతంతో పళ్లెమంత పలచటి తెర మోసుకొచ్చింది. దాని తీగ మూతి వేరు, నా పాత పెట్టె మూతి వేరు. అందుకని తెరకు బొమ్మ అందించే గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చాలంది. పెట్టె మూత విప్పితే చారెడు దుమ్ము, పిల్లి వెంట్రుకలు, మీ బావ చొక్కా గుండీ ఒకటి. కొత్త కార్డు మూరెడుంది, రెండు ఫ్యాన్లు. లోపల పట్టక సీడీలు పెట్టే అరను మరలు విప్పి పీకేసింది. పాత కరెంటు డబ్బా దాన్ని మోయలేదని అదీ మార్చింది. "ఇంత మార్చేదానివి మొత్తం కొత్తది కొనకపోయావా?" అంటే, "మామయ్య కొన్న రంగుల ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లలో నడవదత్తా. గుండె పాతదే ఉంచి కళ్లు మాత్రం మారుస్తున్నా" అంది.

మార్చింది. స్విచ్చి వేసింది. తమ్ముడూ, పదిహేడేళ్లుగా నేను వేసిన మొహాలన్నీ కారం పూసినట్టు ఎర్రగా లేచి కూర్చున్నాయి! ఒక్కొక్కరికి నూట నాలుగు జ్వరం. పెళ్లికూతురు జ్వరం, పసిపిల్ల జ్వరం, పోయిన పోస్టుమాస్టరుకి కూడా జ్వరం. తెర పైన దుప్పటి కప్పేసి పిల్లను పొమ్మన్నాను.

నాకు అక్షరాలు రావు గానీ రంగులు వచ్చు. ఆ ఒక్క ఆస్తినీ ఓర్వలేక ఒకప్పుడు ఫొటోలు అచ్చు వేసే నీ ల్యాబులో నా ఫొటోల మీద చవక సిరా పోసి ఎర్రగా కాల్చావు. అమ్మ ఫొటోని కూడా వదల్లేదు. నేను బజారులో నిలబెట్టి అడిగాను కాబట్టి, ఇప్పుడు కూతుర్ని పంపి నా యంత్రాన్నే కాల్పించావు. పగంటే ఇదే. నీ కూతురికి చెప్పి నా పాత తెరను మళ్లీ పెట్టించు. దాన్ని అమ్మనివ్వలేదు, మంచం కింద ఉంది.

నీ అక్క

(టీచరమ్మ మనవి: మూడు తిట్లు మానేశాను. ఆవిడకు చెప్పవద్దు.)


మార్చి 12

అక్కకు నమస్కారాలు.

పదకొండేళ్ల తరవాత నీ గొంతు విన్నట్టుంది. టీచరమ్మగారు మానేసిన మూడు తిట్లూ ఏవో నేనే పూరించుకుని మరీ విన్నాను.

పిల్ల నా మాట మీద రాలేదక్కా. దాన్ని నేను పంపలేదు. తండ్రికీ మేనత్తకీ మధ్య ఏముందో దానికి సగమే తెలుసు. ఆ కార్డూ, తెరా పాడైనవి కావు, మంచివే అయ్యుంటాయి. పని విషయంలో అది నీలాంటిది, నాసిరకం ముట్టదు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. కళ్లు ఎవరికైనా చూపించుకున్నావా? మన వయసులో శుక్లాలు వస్తాయి, వస్తే రంగులు మారి కనబడతాయట. చిన్న ఆపరేషనుతో పోతుంది. ముందే చూపించుకుంటే మంచిది. ఆలస్యం చెయ్యకూడదు. ఈ మాట ఊరికే అనడం లేదు.

ఇంకొకటి. అమ్మ ఫొటో నీ చేత మళ్లీ చేయించాలని పిల్లకు ఆశ. నా దగ్గర అమ్మది ఒక్కటీ లేదు. ఆ రోజు నా కౌంటరు మీద విసిరికొట్టిన ఫొటోని వెళ్లేటప్పుడు మళ్లీ నువ్వే తీసుకుపోయావు. నీకు వీలుంటే, కుదిరితే, కొంచెం తొందరగా చెయ్యి.

నీ తమ్ముడు


మార్చి 20

తమ్ముడికి,

కళ్లా? నా కళ్లా? పడిన తరవాత కూడా నాదే పైచెయ్యి అనే నీ గుణం పోలేదు.

నీ ఉత్తరం విన్న మర్నాడే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఒంటరిగా కాదు, సాక్ష్యానికి మన బజారు తాళాల మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లాను. డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల్లో దాక్కున్న అంకె చెప్పమన్నాడు. "నాకు అంకెలు రావు నాయనా, దాని వంపు చూపిస్తాను చూసుకో" అని ప్రతి పేజీలోనూ వేలితో గీసి చూపించాను. ఒక్కటి తప్పితే ఒట్టు. ఆయన లేచి నిలబడ్డాడు. "అమ్మా, నలభై ఏళ్ల వాళ్లకు కూడా ఇంత నికరంగా రంగులు తెలియవు" అన్నాడు. శుక్లం ఆవగింజంత ఉందట, పదేళ్లకు కూడా అడ్డం రాదట. అక్కడితో వదలకుండా టైలరు కొట్లో దారపు కండెలు వరసగా పేర్చి, ఇటుకరంగుకీ, తుప్పురంగుకీ, దానిమ్మగింజ రంగుకీ తేడా చెప్పి మరీ ఇంటికొచ్చాను. మేస్త్రి సాక్షి.

కాబట్టి నా కళ్ల జోలికి రాకు.

అమ్మ ఫొటో తొందరగా కావాలా? ఎందుకు? ఎర్రబడిన ఆ తెర మీద చేయించి, "చూడండి, మా అక్కకు చేతకాదు" అని నలుగురికీ చూపించడానికా? చెయ్యను. తెర మీద దుప్పటి అలాగే ఉంది. పనీ ఆగిపోయింది. పిల్ల రెండుసార్లు తలుపు తట్టింది, తియ్యలేదు. రెండోసారి కిటికీలోంచి, "అత్తా, నాన్న కోసం ఒక్క ఫొటో" అంది. "మీ నాన్నకు నోరు లేదా?" అన్నాను. ఏమీ అనకుండా వెళ్లింది. అంత ఊరుకోవడం దానికి నీ నుంచే వచ్చింది.

నీ అక్క


ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నీ కళ్లు బాగున్నాయి. ఈ వార్తకు ఎంత సంతోషించానో, అంతకు పదింతలు కుంగిపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు.

మీ తెర వచ్చిన ఏడాది తరవాత, నా ల్యాబుకి నువ్వు పంపే ఫొటోల్లో ఎరుపు కాస్త ఎక్కువగా కనబడటం మొదలైంది. ఏటేటా పెరిగింది. అక్కకు చూపు తగ్గుతోందనుకున్నాను. "నాకు అక్షరాలు రావు గానీ రంగులు వచ్చు" అని నువ్వు చిన్నప్పటి నుంచీ అంటావు. బడికి నన్ను పంపి నిన్ను ఇంట్లో ఉంచారు. ఆ మాట ఒక్కటే నీకు మిగిలిన బడి. అందులోనూ తప్పావని నేనెలా చెప్పను? అందుకే ప్రతి ఫొటోలోనూ మిషను మీద ఎరుపు కొన్ని మెట్లు తగ్గించి అచ్చు వేశాను. మెచ్చుకున్నవాళ్లందరూ నిన్ను మెచ్చుకున్నారు. నాకు అదే కావాలి.

తరవాత ఒకరోజు నా మిషను వెనక నిలబడి నువ్వే చూశావు. "నా రంగుల్లో వేలు పెడతావా? నీ తెర మీద ఎర్రగా ఉంటే నీ తెర బాగుచేయించుకో!" అన్నావు. ఇంకోసారి వేలు పెడితే విరుస్తానన్నావు. ఆ వారమే అమ్మ ఫొటో వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఏమీ మార్చకుండా వేశాను. మొండితనం కొంత ఉంది, అబద్ధమాడను. ఒక్కసారి ఎర్రగా చూస్తే నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. నీకు తెలిసింది వేరు. బజారులో నా గుమ్మం ముందు నిలబడి, "వీడు చవక సిరా పోస్తాడు, కన్నతల్లి మొహం కూడా కాల్చాడు" అన్నావు.

కళ్లు కాకపోతే తెర. అంతే అక్కా, ఇంకేమీ లేదు. ఆ పాత గాజు తెరల్లో లోపల ఎరుపు ముందుగా అలిసిపోతుంది. అది తక్కువ చూపిస్తోంది కాబట్టి నువ్వు ఎక్కువ పోశావు. నీ కన్ను సరిగ్గానే చెప్పింది, అద్దం అబద్ధం చెప్పింది. నేను ల్యాబు నడిపినవాణ్ని. నాకు తట్టవలసింది. ముసలితనమని జాలిపడ్డాను గానీ, "అక్కా, నీ తెర ఒకసారి చూస్తాను" అని ఒక్కసారి మీ ఇంటికి రాలేదు. జాలిపడటం తేలిక, నీతో పోట్లాడటం కష్టం. తేలికైంది చేశాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం విని మొదట నవ్వాను. కథలు బాగా అల్లావు, ల్యాబు మూసి మంచి పని చేశావు, ఇదే పెట్టుకో అన్నాను. టీచరమ్మ నవ్వలేదు. "నిజమో కాదో చూసేదానికి ఇంట్లో ఏమైనా ఉందా?" అంది.

ఉంది. అమ్మ ఫొటో ఉంది. పదకొండేళ్లుగా ట్రంకుపెట్టె అడుగున బోర్లా పడి ఉంది. పిల్లను నేనే పిలిపించాను. దుప్పటి తీయించాను. తెర మీద అమ్మ ఫొటో తెప్పించి, నువ్వు అచ్చు వేసిన కాగితాన్ని పక్కన పట్టుకున్నాను. తమ్ముడూ, వెంట్రుకవాసి తేడా లేదు. బుగ్గలు అంతే ఎరుపు, శాలువా అంతే తుప్పు. నీ సిరా నేనిచ్చింది నాకిచ్చింది. ఆ తరవాత మూడు ల్యాబులు మార్చాను, ముగ్గురినీ దొంగలన్నాను. ఆ ముగ్గురూ కూడా నేనిచ్చిందే ఇచ్చారు.

ఇంతలో టీచరమ్మ కాగితాన్ని తిప్పింది. "వెనక రాసుంది, చదవనా?" అంది. ఏదో బిల్లు నంబరులే అన్నాను. ఆవిడ చదివింది: "అక్క చెప్పినట్టే. ఏమీ మార్చలేదు."

బీరువాలో నేను నమూనాకి దాచుకున్న పాత అచ్చులు అట్టపెట్టె నిండా ఉన్నాయి. కింద పోసి ఒక్కొక్కటీ తిప్పించాను. పెన్సిలుతో నీ గీతలు. "ఎరుపు రెండు తగ్గించాను." "ఎరుపు మూడు తగ్గించాను." ఏడాది మారేకొద్దీ నాలుగు, ఐదు. అమ్మ ఫొటోకి ముందుది ఆరు. ఒక్కటి కూడా నువ్వు దాచలేదు. ప్రతిసారీ నా చేతిలో పెట్టే ఇచ్చావు. ముందువైపు మెచ్చుకున్నాను, వెనకవైపు నాకు పెన్సిలు గీత మాత్రమే. ఎవరినైనా చదవమని అడిగితే చదవడం రాదని ఒప్పుకోవాలి కదా. ఊరంతటికీ తెలిసిన సంగతే, అయినా అడగలేదు.

ఆ రోజు నీ గుమ్మం ముందు నేనన్నది మేస్త్రి విన్నాడు, సంచుల కొట్టాయన విన్నాడు, జెరాక్సు కొట్టావిడ వింది. ఏడాది తిరక్కుండా నీ ల్యాబు మూతపడింది, నువ్వు ఊరు వదిలావు. నాకు అది గెలుపనిపించింది. ఇప్పుడు దానికేం పేరు పెట్టాలో తెలియడం లేదు.

అమ్మ ఫొటో రేపటి నుంచే మొదలుపెడతాను. ఈసారి శాలువా అమ్మ కప్పుకున్న రంగే వస్తుంది. పూర్తయ్యాక పిల్లతో పంపిస్తాను. నువ్వు చూసి, బాగోలేకపోతే నన్ను తిట్టు. నీకు తిట్టడం రాదు, నేర్చుకో.

ఇంకొక సంగతి. టీచరమ్మ ఇప్పుడే అంటోంది: ఫొటోల వెనక ఉన్న రాతా, నీ ఉత్తరాల రాతా ఒకటి కాదట. రెండో ఉత్తరంలో "చదివించుకున్నాను" అని కూడా ఉందట, నేను పట్టించుకోలేదు. నువ్వు బడికెళ్లినవాడివి. నీకు రాసిపెట్టడానికి మనిషెందుకు? పిల్లను అడిగితే తల దించుకుని మరలు ఏరుతోంది. నిజం రాయి.

అక్క


ఏప్రిల్ 25

అక్కా,

రాస్తున్నది నీ మరదలు. చెబుతున్నది నేను.

కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని రెండేళ్ల క్రితం చెప్పారు. ఆలస్యంగా చూపించుకున్నాను. అందుకే నీకు ఆలస్యం చెయ్యొద్దని రాశాను. కొత్త సంవత్సరానికి ఎదురుగా ఉన్న మొహం వరకూ కనబడేది. ఇంకో మూడు నెలలు, ఎక్కువైతే నాలుగు, అన్నాడు డాక్టరు. అమ్మ ఫొటో ఒకసారి చూడాలని ఉందని ఇంట్లో అన్నాను. పిల్ల బదిలీ అడిగి మరీ ఆ ఊరు వచ్చిందని నాకూ తరవాతే తెలిసింది. నా సంగతి నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నువ్వు జాలితో చేస్తే నాకక్కర్లేదు అనుకున్నాను. చూడు, నేను నీ మీద అంత జాలి పడినవాణ్ని, నాకు మాత్రం జాలి పనికిరాలేదు.

మార్చి నెలలో కూడా ఎండలో పెట్టుకుంటే రంగు తెలిసేది. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. పదిరోజులయింది.

నువ్వు చెయ్యి అక్కా. ఆపకు. అమ్మ ఫొటోకి ఏడు తగ్గించాలి. ఆ రోజే లెక్క కట్టుకున్నాను. తగ్గించలేదు.

నీ తమ్ముడు

వదినా, ఇది నా మాట. ఆయనకు చదివి వినిపించను. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు, తిట్లున్న కాగితాన్ని ఎండలో పట్టుకుని ఆయన స్వయంగా చదవబోయారు. సగం దాకా చదివారు. తన కళ్లతో చదివిన ఆఖరు కాగితం అదే. దాన్ని తలగడ కింద పెట్టుకున్నారు.


మే 9

నేను, బజారులో రంగులమ్మ అనబడేదాన్ని, వయసు డెబ్బై నాలుగు, ఒక పిల్లి మాత్రమే ఉన్న ఇంటిదాన్ని, ఒళ్లు తెలిసి, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పి రాయిస్తున్నది.

తమ్ముడూ, పిల్ల ఈ కాగితాన్ని నీ పక్కన కూర్చుని చదువుతుంది. అడ్డం రాకుండా విను.

దుప్పటి కప్పి ఉంచింది నలభై రోజులు. నువ్వు చూడగలిగింది ఆ నలభై రోజులే. ఇది ఎవరి ఖాతాలోకీ నెట్టను. తలుపు తట్టింది పిల్ల, తియ్యనిది నేను. "తొందరగా" అని నువ్వు రాయించావు, వంకరగా విన్నది నేను. నా పొగరు నా అన్నం తిని పెరిగింది, నీ చూపు తిని ఊరుకుంది.

నిన్న సాయంత్రం నీ ల్యాబు ఉన్న చోటికి వెళ్లాను. ఇప్పుడది చెప్పుల కొట్టు. అదే గుమ్మం, అదే రెండు మెట్లు. మేస్త్రినీ, సంచుల కొట్టాయననూ, జెరాక్సు కొట్టావిడనూ పిలిచి నిలబెట్టాను. "పదకొండేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు రంగులమ్మా, ఎవరికి గుర్తుంది?" అన్నాడు మేస్త్రి. "అప్పుడు ఊరికే విన్నావుగా, ఇప్పుడూ ఊరికే విను" అన్నాను. చెప్పాను: నా తమ్ముడి సిరా మంచిది. వాడి చెయ్యి మంచిది. అయిదేళ్లు నా తప్పును దిద్ది, మెప్పు నాకిచ్చాడు. నేను తప్పు మాట అన్నాను, ఆ మాట మీదే వాడి కొట్టు కూలింది. జెరాక్సు కొట్టావిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ మర్నాడే నేను ఆయన దగ్గర అచ్చులు వేయించడం మానేశాను" అంది. చెప్పుల కొట్టువాడు మమ్మల్ని బేరమనుకుని బల్ల వేశాడు.

మాట వెనక్కి తీసుకోవచ్చు, కొట్టు తిరిగి రాదు. నాకు తెలుసు. అయినా చెప్పవలసిన చోటే చెప్పాను.

ఇక అమ్మ ఫొటో. అయిపోయింది. నీకు కనబడదు కాబట్టి నేనే చూపిస్తాను. నుదురు వెలుతురులో ఉంది, తేనె నీళ్లలో కలిపితే వచ్చే రంగు. బుగ్గ దగ్గర కొంచెం ముదురు, వేయించిన వేరుశనగ పొట్టు. కళ్ల కింద నీడ నీలమూ కాదు, బూడిదా కాదు, వాన వెలిశాక గోడ రంగు. ఎడమ చెవి వెనక జుట్టులో ఒక తెల్ల వెంట్రుక ఉంది, పాత తెర మీద ఎన్నడూ కనబడలేదు. శాలువా నేరేడు. పండినది కాదు, పండబోతున్నది, ఒకవైపు ఇంకా ఎరుపు మిగిలినది. అంచు దారం చిలకపచ్చ, మూడుచోట్ల పోగు లేచింది. నువ్వు చిన్నప్పుడు నోట్లో పెట్టుకుని నమిలిన చోటు అదే. మూలన ఉంది, వేలు పెట్టి చూపించమను.

ఎర్రమొహాలతో గోడలెక్కిన తక్కినవాళ్లందరినీ కూడా మళ్లీ చేస్తున్నాను. ఇప్పటికి పన్నెండు. పోస్టుమాస్టరుకి జ్వరం తగ్గింది. ఆయన భార్య ఉండగా తగ్గి ఉంటే బాగుండేది.

కాగితం వెనక టీచరమ్మ చేత పెన్సిలుతోనే రాయించాను. అక్షరాలు ఆవిడవి, మాట నాది: "తమ్ముడు చెప్పినట్టే. ఎరుపు ఏడు తగ్గించాను."

పైన చెప్పినదంతా నిజమని నా ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. స్టాంపు ప్యాడు జెరాక్సు కొట్టుది. నీకు కనబడదు, చెబుతున్నాను: ముద్ర నేరేడు రంగులో పడింది.

రంగులమ్మ ముద్ర

విన్న సాక్షులు, అప్పుడూ ఇప్పుడూ:
తాళాల మేస్త్రి
సంచుల కొట్టాయన
జెరాక్సు కొట్టావిడ

ఒక్క మాటా మానకుండా రాసింది: ఎదురింటి టీచరమ్మ